ఉద్దెర లేదు

ఇళ్లు కిరాయికిచ్చే పని మొదలుపెట్టినప్పుడు సుకన్య చేతిలో ఉన్నవి కామారెడ్డి దగ్గరి తమ ఊరు రాజంపేట చుట్టూ ఊళ్లు తిరిగి చీరలమ్మి వెనకేసిన డబ్బు, ఎత్తుకున్న చిట్టీ, తల్లిగారు పెట్టిన నాలుగు గాజులు. గాజులు ఎల్లారెడ్డిలో రెండు రేకుల గదులయ్యాయి. మిగతాదానికి బ్యాంకు లోను కలిస్తే కామారెడ్డి స్టేషన్ వెనక చిన్న ఇల్లయింది. రెండూ ఆమె పేరునే. అది భర్త సంతోష్ పెద్దమనసేం కాదు. అతని పేరున పాత బాకీ ఉంది, బ్యాంకు ఒప్పుకోలేదు.

లెక్క తేలిగ్గానే కనిపించింది. కామారెడ్డి పెద్ద ఊరు, కిరాయి ఎక్కువ, దానితో కిస్తీ తీరిపోతుంది. ఎల్లారెడ్డిలో వచ్చే కొంచెం చేతిలో మిగులుతుంది. కొత్తవాళ్లు చేసే పొరపాటే ఆమె కూడా చేసింది. ఊళ్లను చూసి లెక్కేసింది, మనుషులను చూడలేదు.

గృహప్రవేశం కాగానే మరిది జీవన్, "పిల్లల బడి దగ్గరైతది వదినా" అంటూ సామాను దించాడు. కిరాయి మాటెత్తితే అత్త అనసూయమ్మ బుగ్గలు నొక్కుకుంది. "సొంత మరిది తాన కిరాయి గుంజుతవా? నలుగురు మొఖాన ఉమ్మరా?" సంతోష్ పళ్లెంలోంచి తలెత్తకుండానే తేల్చేశాడు. "వాడేమన్న బయటోడా? కూర ఎయ్యి."

ఆమె కూర వేసింది. కిస్తీ కూడా ఆమే కట్టింది, నెలకు ఇంకో నాలుగు ఊళ్లు ఎక్కువ మూట మోసి, వచ్చి రొట్టెలు చేసి, అత్త కాళ్లకు నూనె రాసి.

ఎల్లారెడ్డి గదుల్లో యాదవ్వ ఉంటుంది, సాయంత్రాలు బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు అమ్ముతుంది. సుకన్య వెళ్లేసరికే కిరాయి కొంగున ముడేసి ఉంటుంది. "ఇగో బిడ్డా. నల్లా కారుతుంటె నేనే బాగుచేయించిన. గింత పనికి నిన్ను పిలుసుడెందుకు?" ఆ మాటకు సుకన్యకు సంతోషం కలగాలి. కానీ ఒళ్లు మండింది, యాదవ్వ మీద కాదు. చీరల వ్యాపారంలో మొదట నేర్చుకున్నదే చుట్టాలకు ఉద్దెర ఇవ్వకూడదని, డబ్బు చేతిలో పడ్డాకే చీర ఇవ్వాలని. బయటివాళ్లు ఉద్దెర పెడితే ఎదురుపడ్డప్పుడు మొహమైనా తిప్పుకుంటారు. చుట్టాలు రంగు బాగాలేదని ఇంకో చీర అడుగుతారు. అంత తెలిసీ ఇల్లంతా ఉద్దెరకిచ్చి కూర్చుందేమిటి తను? ఇల్లొక్కటేనా? ఆ రొట్టెలు, ఆ నూనె, ఆ కూర?

తిరుగు బస్సులో ఉండగానే జీవన్ ఫోను. "వదినా, మోటరు కాలింది. మనిషిని తోలు."

"నువ్వే చేయించరాదు, జీవన్?"

"నేనెందుకు చేయిస్త? ఓనరువు నువ్వు గద!"

కిరాయికేమో వదిన, మోటరుకు ఓనరు. సుకన్య కామారెడ్డిలో దిగి మెకానిక్‌ను తీసుకుపోయింది. నీళ్లు వచ్చేదాకా అక్కడే నిలబడింది. తర్వాత, వచ్చే దారిలో కొన్న బోర్డు సంచిలోంచి తీసి గేటుకు కట్టింది: 'ఇల్లు కిరాయికి కలదు'. కింద తన నంబరు.

"ఇదేంది వదినా?" జీవన్ మొహం మాడిపోయింది.

"నువ్వే అంటివి గద, ఓనరునని. నెలాఖరు దాక టైముంది. కిరాయి ఇస్తనంటె నువ్వే ఉండు. మరిదివి, అడ్వాన్స్ అడగ."

ఆమె రాజంపేట చేరకముందే కబురు చేరింది. అనసూయమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. సంతోష్ ఖాళీ పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. "ముందు అన్నం పెట్టు. నీ సంగతి తర్వాత జెప్త."

సుకన్య ఫోను మోగింది. ఎవరో కొత్త గొంతు. "గేటుకు బోర్డు చూసినమమ్మా. సార్ ఉన్నడా?"

"సార్ అన్నం పెట్టుకుంటున్నడు," అంది సుకన్య గోడకు చేరగిలబడి. "ఓనర్‌నే మాట్లాడుతున్న, చెప్పుండ్రి."

ఆ నెల లెక్కలో మోటరు ఖర్చు పోయింది, మరిది పలకరింపు పోయింది, కామారెడ్డి కిరాయి ఇంకా చేతికి రాలేదు. కొత్త రాబడి ఒక్కటే. అన్నం గంటె ఎక్కడుంటుందో సంతోష్‌కు తెలిసింది.