నూకుడు బండి

యేసయ్య కారుకు తాళం తిప్పితే 'టక్' అనేది, అంతే. వానలు మొదలైన దగ్గర్నుంచీ దాని సమాధానం ఆ ఒక్క ముక్కే. వెనక ఎదురెదురు సీట్లున్న పాత డీజిల్ బండి అది. కొత్తకోట పక్క ఊళ్లో ఆడకూలీలను ఎక్కించుకుని, కృష్ణ దాటి గద్వాల దిక్కు సీడు పత్తి చేలకు తీసుకుపోవడం, పొద్దుగూకే వేళకు మళ్లీ తెచ్చి దింపడం యేసయ్య బతుకుదెరువు. స్టార్టు కాని బండితో అదెలా సాగిందని ఎవరైనా అడిగితే ఆయన నవ్వేవాడు. నూకడానికి బండి నిండా మనుషులుండగా దిగులెందుకు?

బండి నిలిపే ఊరి చర్చి ముందు నుంచి మెయిన్ రోడ్డు కూతవేటు దూరమే. కానీ నూకాలంటే దిగుడు ఉండాలి. అందుకని యేసయ్య బండిని రోడ్డు దిక్కు కాకుండా, కిందివాడలోకి దిగే బాట దిక్కు ముఖం పెట్టి నిలిపేవాడు. తెల్లవారుతుండగా స్టీరింగు ముందు దొరలా కూర్చుని, "నూకుర్రి!" అని ఒక్క కేక పెట్టేవాడు. ఆడవాళ్లు కొంగులు నడుముకు చెక్కి నూకేవారు. సగం దిగుడులో, కూలీల్లో ముసలామె పెంటమ్మ ఇంటి ముందుకొచ్చేసరికి ఇంజన్ అందుకునేది. నూకినవాళ్లు ఉరికొచ్చి ఎక్కేవారు. ఆ సందట్లోనే పెంటమ్మ కూడా ఎక్కేది. కింద మురుగుకాలువ మోరీ దాకా పోయి, చుట్టు తిరిగి బండి రోడ్డెక్కేది.

"కూలికి పోతున్నమా, నీ బండి నూకనీకె పోతున్నమా యేసయ్యన్నా?" అని ముఠా పెద్ద భాగ్యమ్మ రోజూ తిట్టేది. రోజూ నూకేది కూడా. తిట్టడానికీ నూకడానికీ ఊపిరి ఎక్కడ సరిపోయేదో ఆమెకే తెలియాలి.

ఒకనాడు మాత్రం మోరీ దాకా నూకినా ఇంజన్ అందుకోలేదు. మళ్లీ పైకి నూకి, మళ్లీ కిందికి నూకి, చేనుకు చేరేసరికి ఎండ ముదిరింది. సీడు పత్తిలో ఆలస్యం పనికిరాదు. పొద్దున విచ్చిన మగపువ్వును తెంపి, ముందురోజు సాయంత్రం ఒలిచి పెట్టిన మొగ్గకు రుద్దాలి. ఎండ ఎక్కితే పుప్పొడి చచ్చిపోతుంది, ఒలిచిన మొగ్గలన్నీ దండగ. చేను సాగుచేస్తున్న జితేందర్ గట్టు మీద నిలబడి, గొంతు పెంచకుండానే చెప్పాడు.

"ఇంకొక్కపారి గిట్లయితే అయిజ నుంచి బండి పిలుస్త. మనుషులు కూడ గా బండిలనే వస్తరు. నువ్వు, నీ ముఠా ఇంటికాడనే ఉండుర్రి."

భాగ్యమ్మ ఆ మాట విని యేసయ్య వైపు చూసింది. ఆ చూపు తిట్టు కంటే ఘాటుగా ఉంది. వానాకాలం పని పోతే ఆ ముఠాలో ఎవరింట్లోనూ పొయ్యి సాఫీగా వెలగదు.

ఆదివారం ప్రార్థన కాగానే యేసయ్య బండిని కొత్తకోటలో హైవే పక్క శ్రీశైలం షెడ్డుకు తోలుకుపోయాడు. శ్రీశైలం చెయ్యి మంచిది, నోరు చెడ్డది.

"బ్యాటరీ పోయిందన్నా, మార్చెయ్" అన్నాడు యేసయ్య, దిగుతూనే.

"నువ్వే డాక్టరైతే దవాఖానకు ఎందుకొచ్చినవ్? లైట్లెయ్యి. ఇప్పుడు తాళం తిప్పు."

టక్. హెడ్‌లైట్లు ఏమాత్రం తగ్గకుండా తెల్లగా వెలుగుతూనే ఉన్నాయి.

"బ్యాటరీల దమ్ము లేకుంటే తాళం తిప్పంగనే లైట్లు సన్నవడుతయ్. పడ్డయా? కరెంటు ఇంజన్ను లేపే సెల్ఫ్ మోటరు కాడికి పోతుంది. అది తింటలేదు." శ్రీశైలం వైర్లు పట్టి లాగి చూశాడు. ఏదీ వదులుగా లేదు. వీల్ పానా తీసుకుని బండి కిందికి దూరాడు. "నేను కొడుత, నువ్వు తిప్పు."

కింద నుంచి టంగు టంగుమని చప్పుడైంది. యేసయ్య తాళం తిప్పాడు. బండి గుర్రుమని లేచింది.

యేసయ్య ముఖం వెలిగిపోయింది. "గింతేనా! రోజు నేనే కొట్టుకుంట తియ్యన్నా."

"కొట్టు. మోటరు లోపల కరెంటు అందిచ్చే కార్బన్లు అరిగినయ్. దెబ్బ పడితే జర కదిలి అంటుకుంటయ్. నాలుగొద్దులైతే నెత్తితోని కొట్టినా అంటుకోవు. అప్పుడు గద్వాల చేన్ల నిలవడి నాకు ఫోన్ జేస్తవ్, నేను ఎత్తను."

యేసయ్య ఇంజన్ ఆపి దిగాడు. శ్రీశైలం ముందు బ్యాటరీ ఎర్తు వైరు ఊడదీశాడు, తర్వాత మోటరు వైర్లు, తర్వాత బోల్టులు. పైన చెయ్యి పోని చోట ఒక బోల్టు తుప్పు పట్టి మొండికేసింది. దాని తల్లిదండ్రులను నానా మాటలూ అని, నూనె పోసి, చాయ్ తాగి వచ్చి ఊడదీశాడు. విప్పి చూస్తే కార్బన్లు పెసరబద్దలంత మిగిలాయి. లోపల తిరిగే ఆర్మేచర్ నల్లగా మాడిపోయింది.

"కార్బన్లు మార్చినా ఆర్మేచర్ కాలింది, మళ్ల తింటది. మోటరే కొత్తది ఎయ్యాలె."

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పళ్లు సరిచూశాడు. అది కూర్చునే చోటు గీకి శుభ్రం చేసి, బిగించి, వైర్లు కలిపాడు. యేసయ్య తాళం సగం తిప్పాడో లేదో ఇంజన్ అందుకుంది. ఆపి మళ్లీ తిప్పాడు. మళ్లీ అందుకుంది. ఊరికే ఇంకోసారి ఆపబోతే శ్రీశైలం పానా ఎత్తి చూపించాడు.

సోమవారం తెల్లవారి బండి ముఖం మెయిన్ రోడ్డు దిక్కు ఉంది. ఆడవాళ్లు అలవాటు కొద్దీ కొంగులు చెక్కుకుని బండి వెనక్కి పోయారు. "ఎక్కుర్రి, ఎక్కుర్రి, ఇగ నూకుడు లేదు" అన్నాడు యేసయ్య, పెళ్లికొడుకులా. తాళం తిప్పగానే బండి లేస్తే లోపల ఈలలూ నవ్వులూ. భాగ్యమ్మ అంతటి మనిషి సీటును చేత్తో తట్టి, "సల్లగుండు తల్లీ" అంది. బండి నేరుగా రోడ్డెక్కి, ఇంకా మంచు ఆరకముందే చేనుకు చేరింది. జితేందర్ బండిని చూసి తల ఊపాడు. ఆయన తల ఊపడమంటే మెచ్చుకున్నట్టే. పని నిలబడింది.

భాగ్యమ్మ సాళ్లు పంచింది. ఒక సాలు మిగిలింది.

"పెంటమ్మ ఏది?"

ముందు కూర్చున్నవాళ్లు వెనక ఉందనుకున్నారు. వెనకవాళ్లు ముందు ఉందనుకున్నారు. అందరూ యేసయ్యను చూశారు. యేసయ్య బండిని చూశాడు. అప్పుడు తెలిసింది వాళ్లకు. పెంటమ్మ రోజూ ఎక్కేది నిజమే కానీ, ఆమెను ఎక్కించుకోవాలని ఒక్కనాడూ ఎవరూ అనుకోలేదు. ఇంజన్ అక్కడ అందుకునేది, ఆమె అక్కడ ఉండేది, ఎక్కేది. మోకాళ్లు అరిగిన మనిషి, చర్చి దాకా ఎక్కి రాలేదు.

"పోనీ తియ్యి, వయసు మీద పడ్డది. రేపట్నుంచి ఇంకో మనిషిని తోల్కరాండ్రి" అన్నాడు జితేందర్. భాగ్యమ్మ మిగిలిన సాలును తన సాలుతో పాటు అందుకుంది.

ఆ సాయంత్రం అందరినీ దింపి యేసయ్య కిందివాడకు నడిచిపోయాడు. పెంటమ్మ గడప మీద కూర్చుని ఉంది. పక్కన సద్దిమూట పొద్దున కట్టింది కట్టినట్టే ఉంది.

"అత్తా, పొద్దుగాల..." అని ఆగిపోయాడు.

"నూకుర్రి అంటవేమోనని చెవులప్పజెప్పి కూసున్న నాయనా. పొద్దెక్కింది. అప్పుడు సమజైంది."

"సెల్ఫ్ కొత్తది ఏసినత్తా. గందుకే అటుకెళ్లి అటే పోయినం."

"ఎర్కనే బిడ్డా, చెప్పిండ్రు. భాగ్యమ్మోళ్లు చేతులు పడిపోయేటట్టు నూకిరి. నేను ఒక్కనాడు చెయ్యి పెట్టకపోతి. నడుమల రాణి లెక్క ఎక్కితి. ఎవరికైనా మండదా? ఇడిసిపోయిండ్రు. తప్పు నాదే."

యేసయ్య గడప పక్కన చతికిలపడ్డాడు. లేదత్తా, కోపంతో కాదు, నిన్ను మర్చిపోయినం అందామనుకున్నాడు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. మర్చిపోయారని తెలియడం కంటే, కోపగించుకున్నారని ఆమె అనుకోవడమే నయమనిపించింది. నిజం చెప్పనందుకు ఆయనకు సిగ్గేసింది కూడా.

"రేపు నీ ఇంటి ముందటికే వస్త. తయారుగుండు" అని మాత్రం అన్నాడు.

మర్నాడు బండి నిండాక యేసయ్య ముఖం కిందివాడ దిక్కు తిప్పాడు. పెంటమ్మ ఇంటి ముందు ఆపాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. పెంటమ్మ వచ్చి సద్దిమూటను భాగ్యమ్మ చేతికిచ్చింది. ఎక్కకుండా, బండి పట్టుకుని మెల్లగా వెనక్కి పోయింది.

"ఎక్కత్తా, ఏం జేస్తున్నవ్?"

"నూకుత."

"బండి నడుస్తుంది గదత్తా!"

"ఐతే ఆపు."

యేసయ్య అద్దంలో చూశాడు. వెనక తలుపు మీద రెండు అరచేతులు ఆనించి నిలబడింది. తూర్పున తెలుపు పరుచుకుంటోంది. జితేందర్ గట్టు మీద ఎదురుచూస్తుంటాడు. యేసయ్య తాళం తిప్పి ఇంజన్ ఆపాడు. తాళం మళ్లీ సగం తిప్పి పెట్టి, క్లచ్చి తొక్కి రెండో గేరు వేశాడు, హ్యాండ్ బ్రేకు దించాడు.

"నూకుర్రి!" అని కేక పెట్టాడు.

మోరీ దాకా ఇంకా దిగుడే. బండి తనంతట తానే జారింది. పెంటమ్మ దానితో పాటు కొన్ని అడుగులు వేసింది. క్లచ్చి వదలగానే ఇంజన్ అందుకుంది. యేసయ్య వెంటనే బ్రేకు తొక్కాడు. భాగ్యమ్మ తలుపు తీసి చెయ్యి అందించింది.

"ఇగ చాలు తియ్యి పిన్నీ, ఎక్కు. మా అందరికంటె గట్టిగ నూకినవ్."

పెంటమ్మ ఆయాసపడుతూ ఎక్కింది. అటు ఒకరిని, ఇటు ఒకరిని మోచేత్తో జరిపి మధ్యలో కూర్చుంది. చెమట తుడుచుకుని ముందుకు చూసింది.

"ఇగ పోనియ్యి నాయనా, పువ్వు విచ్చుకునే యాళ్లయింది" అంది. రోజూ మిగతావాళ్లు యేసయ్యను తొందరపెట్టేవారు కానీ, ఆ బండిలో పెంటమ్మ ఆ మాట అనడం అదే మొదటిసారి.