అంగుళమున్నర

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. కూతురు బీమ్ మీద వెనక్కి పల్టీ కొట్టినప్పుడు కాళ్ల మీద కాకుండా మెడ మీద దిగుతుందేమోనని. ఆ భయం ఆమెతో పాటే నిద్ర లేస్తుంది, ఆమెతో పాటే కుట్టుమిషను ముందు కూర్చుంటుంది, కూర తరుగుతుంటే పక్కన చేరి చూస్తూ ఉంటుంది.

బీమ్ అంటే మరేం కాదు, పదకొండేళ్ల పిల్ల గడ్డం దాకా ఎత్తున నిలబెట్టిన దూలం. వెడల్పు బెత్తెడు. అంత సన్నటి గట్టు మీద మనం నీళ్లచెంబు పెట్టడానికే వెనకాడతాం. దాని మీద ఆమె కూతురు వెనక్కి గెంతి చేతులు ఆన్చి, కాళ్లు ఆనగానే మళ్లీ లేచి, ఈసారి చేతులు ఆనకుండా గాలిలోనే ముడుచుకుని తిరిగి, కాళ్ల మీద దిగాలి. ఆ సమయంలో తల్లి ఎప్పుడూ హాల్లో ఉండదు. బయట వసారాలో మంచినీళ్ల కుళాయి దగ్గర గోడవైపు తిరిగి నిలబడుతుంది. హాలు ఊడ్చే ఆయమ్మ తలుపు సందులోంచి చూసి కబురు చెబుతుంది.

"దిగింది."

"కాళ్ల మీదేనా?"

"లేదు, గాల్లోనే ఉండిపోయింది. రేపు నిచ్చెనేసి దించుతారంట. కాళ్ల మీద కాక ఎక్కడ టైలరమ్మా? నీ భయం చూస్తుంటే నాకు బీపీ వస్తోంది."

అక్కడ ఆమె పేరు టైలరమ్మే. ఎనిమిదిలో బడి మాన్పించారు. చేతికి కత్తెర వచ్చింది. పద్దెనిమిదికి పెళ్లి, పంతొమ్మిదికి పిల్ల. ఇప్పుడు ఆ హాల్లో పిల్లలందరి పోటీ డ్రెస్సులూ ఆమే కుడుతుంది. ఒంటికి రెండో చర్మంలా అతుక్కోవాలి, చెయ్యి పైకెత్తితే లాగకూడదు, తలకిందులైతే వదులవకూడదు. అందరి కొలతలూ ఒక పాత నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆమె కూతుర్ని కోచ్ సారు పిచ్చుక అంటాడు. మూడేళ్ల క్రితం వచ్చినప్పుడు అంతే ఉండేది.

ఆదివారం పోటీ. మొదటి నలుగురినీ పెద్ద శిక్షణ శిబిరానికి తీసుకుంటారు. ఏం చేయబోతున్నారో ముందే ఒక కాగితం మీద వరసగా రాసివ్వాలి. పిచ్చుక కాగితంలో ఒక్క గడి మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. అక్కడ పల్టీ రాస్తే కష్టానికి మార్కులు ఎక్కువ. పడితే మాత్రం ఒక మార్కు అమాంతం పోతుంది, పల్టీ తెచ్చిపెట్టేది దానికన్నా తక్కువ. పల్టీకి బదులు చేతులాన్చి ఒక్కో కాలూ తెచ్చుకుంటూ వెనక్కి దాటే చిన్న విద్య ఉంది. ఆరేళ్ల పిల్లలు కూడా చేస్తారు. పిచ్చుక దాన్ని నిద్రలో చేస్తుంది. కానీ దాంతో మొదటి నలుగురిలోకి రావడం గగనం.

రెండు నెలల క్రితం అయితే ఆ గడి గురించి ఆలోచనే లేదు. పల్టీ పదికి పదిసార్లూ దిగేది. రెండు వారాలుగా ఏమైందో, దిగీ దిగగానే పాదం జారుతోంది. సారు గొంతు వసారాలోకి వినిపిస్తూనే ఉంది.

"తొందర! మళ్లీ తొందర! గీత దాటేస్తున్నావు పిచ్చుకా! రైలేమైనా తప్పిపోతుందా?"

ప్రతి పిల్లకీ బీమ్ అంచున సారు రంగు సుద్దతో గీతలు గీస్తాడు. మడమలు ఎక్కడ పెట్టి మొదలుపెట్టాలో ఒకటి, చేతులు ఎక్కడ ఆనాలో ఇంకొకటి. పిచ్చుకవి నీలం. చెరిగినచోట మళ్లీ దిద్దుతాడు గానీ జరపడు.

గురువారం ఆయనే వసారాలోకి వచ్చాడు. బుగ్గన లవంగం ఉంది.

"అమ్మా, ఏమనుకోవద్దు. మీ భయం పిల్లకి అంటుకుంది. మీరు ఈ కుళాయి దగ్గర జపం చేస్తుంటే దానికి అక్కడ కాళ్లు వణుకుతున్నాయి. రేపట్నుంచి గేటు బయటే ఉండండి."

సారు చదువుకున్న మనిషి, తనేమో ఎనిమిదిలోనే బడి మానిన మనిషి. అంటుకుందేమో, నిజమేనేమో అనుకుంటూ ఇంటికి నడిచింది. బస్సు నడిపి అలిసొచ్చిన భర్తకు చెబితే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "సారుకు తెలీనిది నీకు తెలుసా ఏంటి?"

శుక్రవారం సాయంత్రం పిల్లకి డ్రెస్సు ఆఖరిసారి తొడిగి చూసింది. భుజాల దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయింది.

"ఎత్తు చెయ్యి. ఏమే, బిగుతుగా ఉందా?"

"లేదు."

"మరి ఈ ఎరుపేంటి, పూసుకున్నావా?"

టేపు తీసింది. భుజం మీంచి కిందుగా తొడల మధ్య నుంచి వెనక్కి చుట్టి మళ్లీ భుజం దాకా. ఆ డ్రెస్సుకి ప్రాణం ఆ కొలతే. నలభై తొమ్మిది. నోటుబుక్కులో రెండు నెలల నాటి అంకె చూసింది. నలభై ఏడున్నర. మళ్లీ కొలిచింది. అంగుళమున్నర. చేతులు కొలిచింది. అవీ సాగాయి.

ఇది ఆమెకు కొత్త సంగతి కాదు. మూడు వారాల కిందటే డ్రెస్సు బిగుతైందని తెలిసి, లోపలి కుట్లు విప్పి అరంగుళం వదిలింది. ఆ రోజు పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి బతిమాలింది. "సారుకి చెప్పకమ్మా. పొడుగైతే పల్టీ తీసేస్తాడు. మాతో చేసే ఆ పొడుగుపిల్లకి అలాగే తీసేశాడు." సరేలెమ్మని ఒట్టేసింది. కుట్టు విప్పింది, నోరు కుట్టేసుకుంది.

ఇప్పుడు ఆ పలచటి గుడ్డ చేతిలో పట్టుకుని మెల్లగా ఆలోచించింది. పాత కొలతకి కత్తిరించింది కొత్త ఒంటికి ఎలా పడుతుంది? చేతులు పొడవైతే అవి ఆనే చోటు వెనక్కి పోతుంది. అక్కణ్నుంచి కాళ్లూ వెనక్కే, పల్టీ ఇంకా వెనక్కి. అంటే పిల్ల దిగేది దూలం కొసన. ఇది తొందరా కాదు, భయమూ కాదు.

"రేపు సారుకి చెబుతాను."

"చెప్పనన్నావు!"

"అన్నాను."

"ఒట్టేశావు!"

"వేశాను. నీ మెడ ముందు నా ఒట్టెంత?"

పిల్ల డ్రెస్సు విప్పి మిషను మీదకి విసిరి గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం గేటు దగ్గర ఆయమ్మ అడ్డం వచ్చింది. "సారు నిన్ను రానివ్వద్దన్నారు టైలరమ్మా."

"ఇవాళ కుళాయి దగ్గరికి కాదు ఆయమ్మా, లోపలికే."

ఆయమ్మ చీపురు పక్కకు తీసి దారిచ్చింది. హాలు మధ్యకు నడుస్తుంటే ఆమె చెప్పులు కూడా ఆమె మాట వినడం లేదు. నోటుబుక్కు తెరిచి సారు ముందు పెట్టింది.

"సారూ, భయం నాదేనండి, కాదనను. కానీ పాప కొలత మారింది. రెండు నెలల్లో అంగుళమున్నర. చేతులు కూడా. నాకు ముందే తెలుసు, దాచాను. తప్పు నాదే."

"మీరు కుట్టండమ్మా, నేర్పేది నేను" అనబోయి ఆయన అంకెల మీద ఆగిపోయాడు. లవంగం నమలడం మానేశాడు.

"పిచ్చుకా, ఎక్కు. సగమే చెయ్యి. చేతులాన్చి దిగు చాలు."

తల్లికి బయటికి పరిగెత్తాలనిపించింది. కళ్లు మూసుకుంది. చేతుల చప్పుడు, పాదాల చప్పుడు. కళ్లు తెరిచేసరికి సారు బీమ్ మీద పిల్ల చేతుల తడి అచ్చు దగ్గర తన చెయ్యి పెట్టి చూస్తున్నాడు. నీలం గీతకీ అచ్చుకీ మధ్య ఆయన అరచెయ్యి సరిగ్గా పట్టింది.

"దీని ఒళ్లు పెరిగింది, నా గీత పెరగలేదు" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "రెండు వారాలుగా పిల్లని తిట్టాను."

తర్వాత పిల్ల ఎదుట కూర్చున్నాడు. "గీత జరుపుతాను. కానీ కొత్త గీత ఒంటికి పట్టాలంటే మూడు వారాలు. మనకున్నది ఒక్క పూట. చిన్నదే రాసేద్దామా?"

"పల్టీ చేస్తాను."

"రేపు వార్మప్‌లో మూడుసార్లు చేయిస్తాను. ఒక్కటి జారినా చిన్నదే. మూడూ దిగితే ఆ గడిలో ఏం రాయాలో నువ్వే చెప్పు. నేను చెప్పను, మీ అమ్మా చెప్పదు."

పిల్ల తల్లి వైపు చూడలేదు. ఇంటిదాకా పది అడుగులు ముందే నడిచింది. ఆ రాత్రి భుజాల దగ్గర గుడ్డ వేసి డ్రెస్సు సరిచేసి, మడిచి, పిల్ల సంచిలో పెట్టి తల్లి కూడా పడుకుంది. నిద్ర మాత్రం రాలేదు.

ఆదివారం పోటీ జరిగే హాలు కొత్తది, పెద్దది. అక్కడా వసారా ఉంది, కుళాయి ఉంది. ఆయమ్మ లేదు. ఆమె గోడవైపు తిరిగి మెళ్లోని టేపు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. వార్మప్‌లో మూడూ దిగాయని ఎవరో తల్లి ఇంకో తల్లితో అంటుంటే విన్నది. గడిలో ఏం రాశారో ఎవరూ అనలేదు. అడగడానికి నోరు రాలేదు.

మైకులో పిల్ల నంబరు పిలిచారు. లోపల సద్దు మణిగింది.

మూడేళ్లుగా చూడకుండా వింటున్న మనిషి కాబట్టి ఆమెకు చప్పుళ్లు తెలుసు. చేతులు ఆనితే మెత్తగా ఒకటి. పాదాలు ఆనితే గట్టిగా ఒకటి. ఆ తర్వాత ఏమీ వినిపించకపోతే పిల్ల గాలిలో ఉన్నట్టు. ఆ ఏమీ లేనితనమే ఆమెను చంపేది.

నడక. ఒక గెంతు. ఆగడం. ఇప్పుడు వీపు తిప్పి ఉంటుంది. మడమలు గీత మీద.

మెత్తగా ఒకటి. గట్టిగా ఒకటి.

టేపు వేలికి బిగిసి గోరు తెల్లబడింది.

మళ్లీ మెత్తగా ఒకటి. చేతులు. వెంటనే ఒక పాదం, ఇంకో పాదం.

చిన్నది. చిన్నదే చేసింది. ఆమె గోడకి జారగిలబడింది. కుళాయి ఎందుకు తిప్పిందో తెలియదు, నీళ్లు చీర మీద పడుతున్నా కట్టలేదు.

అయిదో స్థానం. నలుగురినే తీసుకున్నారు.

పిల్ల సంచి భుజాన వేసుకుని వసారాలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లి తడిసిన చీర చూసి, కుళాయి కట్టేసి, పక్కన నిలబడింది. రెండు రోజుల తర్వాత మొదటి మాట అదే.

"మూడూ దిగానమ్మా."

"విన్నాను తల్లీ. మరెందుకు..."

"మూడోసారి పక్కన కాపు కాస్తున్న సారు చెయ్యి నా నడుంకి తగిలింది. కొంచెమే. ఆయనకి కూడా తెలీదేమో. నాకు తెలుసు, అది లేకపోతే జారేదాన్ని." ముక్కు తుడుచుకుంది. "కోపం పోలేదు. నీ మీద ఇంకా ఉంది."

"ఉండనీ."

"ఇకమీదట కొలిచి దాచకు. దాచమని నేనన్నా దాచకు."

ఇప్పుడు ప్రతి నెలా మొదటి శనివారం సారు పిల్లలందర్నీ వరసగా నిలబెడతాడు. టైలరమ్మ కొలుస్తుంది, ఆయన గీతలు చెరిపి కొత్తవి గీస్తాడు. పొడుగుపిల్లకి కూడా పల్టీ తిరిగొచ్చింది. పిచ్చుక కొత్త గీత మీద పదిలో ఎనిమిదిసార్లు దిగుతోంది. తర్వాతి పోటీ కాగితంలో ఆ గడిలో పల్టీ అని తనే రాసింది, తన చేత్తో, ముత్యాల్లాంటి అక్షరాలతో. సారు సంతకం పెట్టాడు.

తల్లి అదీ ఒప్పుకుంది. చూడటం మాత్రం ఇంకా ఆమె వల్ల కావడం లేదు.

అందుకే మీతో ఒక మాట. ఎప్పుడైనా ఇలాంటి పోటీకి వెళ్తే, బీమ్ మీద పిల్లలు దిగాక ఒక్క నిమిషం చప్పట్లు ఆపి వసారాలోకి రండి. కుళాయి దగ్గర మెళ్లో టేపుతో గోడవైపు తిరిగిన మనిషి కనిపిస్తే ఎలా ఉందో కాస్త చూడండి. దిగిందని చెప్పండి. కాళ్ల మీదేనా అని అడుగుతుంది. విసుక్కోకుండా రెండోసారి కూడా చెప్పండి.