సీటు ముందుకు జరిపితే

కార్ల ఎలక్ట్రీషియన్ షెడ్డులో ఒక నియమం ఉంది. బండి తెచ్చినవాళ్లు చెప్పేదంతా చెప్పనివ్వాలి, వాళ్లు ఎలా నడుపుతారో అలాగే నడిపి చూడాలి, ఆ తర్వాతే బోనెట్ ఎత్తాలి. రోగం బండికే వచ్చినా దాన్ని చూసినవాడు నడిపేవాడేనని అతను అందరికీ చెబుతుంటాడు. ఒక పెద్దాయన కారులో బ్రేకు నొక్కినప్పుడల్లా డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ మసగ్గా వెలిగేది. మరెక్కడో బ్యాటరీ మార్చారు, డైనమో మార్చారు, బొమ్మ మాత్రం పోలేదు. ఇతను ఆ పెద్దాయన్ని కూర్చోబెట్టి, ఎప్పుడు వెలుగుతుంది, వానొచ్చాకనా, లైట్లు వేశాకనా అని ఓపిగ్గా అడిగి, వెనక దీపం దగ్గర తుప్పు పట్టిన ఎర్త్ వైరు పట్టుకున్నాడు. అలాంటి కథలు అతని ఖాతాలో బోలెడున్నాయి.

ఇంత నిష్ఠగలవాడూ ఒక్క మనిషి విషయంలో ఆ నియమం పాటించలేదు. ఆ ఒక్క మనిషీ అతని భార్య.

ఆమె ఆస్పత్రిలో నర్సు. మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి చూసే పని ఒకటి కొత్తగా పెట్టారు. కారు నడపగల నర్సుకే ఆ పని. పెద్ద సిస్టరు ముందు ఈమెనే అడిగింది. వార్డులో మంచానికీ మంచానికీ మధ్య పరుగులు పెట్టి విసిగిన మనిషి కావడంతో, ఒక్కో రోగి దగ్గర తీరిగ్గా కూర్చునే పని అనగానే ఆమె ముఖం విప్పారింది. లైసెన్సు ఎప్పుడో తీసుకుంది, అలవాటే తప్పింది. ఇంట్లో ముసలి కారు ఉండనే ఉంది, మొగుడు కార్ల వైద్యుడాయె. ఇంకేం కావాలి?

సాయంత్రాలు షెడ్డు మూసి ఇద్దరూ బయల్దేరేవాళ్లు. తిన్నగా ఉన్న రోడ్డు మీద కారు బుద్ధిగానే వెళ్లేది. టైర్లకు పంచర్లు వేసే పంచరు బాబాయి కొట్టు దాటాక ఒక మలుపు ఉంది. అక్కడ ఆమె బ్రేకు మీద కాలు వేసేసరికి ఇంజిను ఒక్కసారి దగ్గి ఆగిపోయేది, డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపాలన్నీ కట్టగట్టుకుని వెలిగేవి. ఇంజిను ఎందుకు ఆగినా ఆ దీపాలు వెలగక మానవు కాబట్టి వాటిని పట్టించుకోకుండా, క్లచ్ సరిగా తొక్కలేదని అతను తీర్పు చెప్పేవాడు. తర్వాత ఇద్దరూ చోట్లు మారేవాళ్లు. ఆమె పిట్టంత మనిషి, అతను నిచ్చెనంత మనిషి. తన మోకాళ్లు పట్టేలా సీటు వెనక్కి నెట్టుకుని తాళం తిప్పగానే ఇంజిను ఏమీ ఎరగనట్టు పలికేది.

క్లచ్ పూర్తిగానే తొక్కానని ఆమె మొదటి రోజే చెప్పింది. డ్రైవింగ్ స్కూలు కారు ఇలా ఎప్పుడూ ఆగలేదంది. ఆ కారులో మాస్టారి కాళ్ల దగ్గర కూడా క్లచ్ ఉంటుంది, నీకు తెలియకుండా ఆయన తొక్కి ఉంటాడని అతను నవ్వాడు. ఆమె ఇంకొకటి కూడా చెప్పింది.

"ఇంజిను ఆగాక వెలిగే లైట్లు వేరండీ. ఆగబోయే ముందు పెట్రోలు బొమ్మ వెలుగుతోంది. ముందు అదే వెలుగుతోంది."

"సగం ట్యాంకు పెట్రోలుంది. నువ్వు బొమ్మలు చూడ్డం మాని రోడ్డు చూడు. ఆడలేక మద్దెల ఓడందట వెనకటికెవరో."

ఈ మాట కారు లోపలే అని ఉంటే ఎలా ఉండేదో గానీ, అద్దం దించి, కొట్టు ముందు ట్యూబు నీళ్లలో ముంచి చూస్తున్న పంచరు బాబాయికి వినబడేలా అన్నాడు. బాబాయి నవ్వాడు. గాలి పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు నవ్వారు. ఆ తర్వాత ఆ వీధిలో ఎవరి బండి మొరాయించినా 'నర్సమ్మ కాలు పడిందేమో చూడండి' అనడం అలవాటైపోయింది. అందరికంటే ముందు నవ్వేవాడు ఎలక్ట్రీషియనే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ వైద్యుడే పెరటి చెట్టు వైపు కన్నెత్తి చూడలేదు.

కొన్నాళ్లకు ఆమె కారు తాళం మేకుకు తగిలించేసింది. మళ్లీ నేర్పమని అడగలేదు. అతనూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. పెద్ద సిస్టరుకు జవాబు చెప్పాల్సిన గడువు దగ్గరపడింది. రేపు పొద్దున వెళ్లి నావల్ల కాదని చెప్పేస్తానని ఆమె కూర తరుగుతూ మామూలుగా అంది. అతను సరేనన్నాడు.

ఆ మర్నాడు పొద్దున పెద్ద సిస్టరు సెలవు పెట్టింది, జవాబు ఒక రోజు వాయిదా పడింది. ఆ మధ్యాహ్నమే ఒక వ్యాను బ్యాటరీ చచ్చి షెడ్డుకు వచ్చింది. తన కారు దానికి ఎదురుగా పెట్టి, ఇంజిను నడుస్తుండగానే దిగి, జంపర్ వైర్ల కోసం వెనక తలుపు తెరిచాడు. అవి డ్రైవరు సీటు కిందికి జారి ఇరుక్కుని ఉన్నాయి. సీటును ముందుకు, ఎంతవరకు వెళ్తే అంతవరకు, లాగాడు.

ఇంజిను దగ్గి ఆగిపోయింది.

అతను వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తల ఎత్తితే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపాలు, వాటి పక్కన పెట్రోలు బొమ్మ. ట్యాంకు సగానికి పైగా నిండి ఉంది. కారులో మనిషే లేడు, ఏ పెడలు మీదా ఏ కాలూ లేదు. సీటు వెనక్కి నెట్టాడు, పెట్రోలు బొమ్మ ఆరింది. ముందుకు లాగాడు, వెలిగింది. వ్యానువాడు చూస్తున్నాడని కూడా మరిచిపోయి సీటును ముందుకూ వెనక్కీ లాగుతూనే ఉన్నాడు.

కార్పెట్ ఎత్తితే సంగతి బయటపడింది. వెనక పెట్రోలు ట్యాంకుకు వెళ్లే వైర్ల కట్ట, సీటు ముందుకూ వెనక్కీ జరిగే ఇనుప పట్టా కింద వదులుగా ఉబ్బి పడి ఉంది. అందులో ఇంజినుకు పెట్రోలు అందించే పంపుకూ పెట్రోలు ముల్లుకూ ఉమ్మడిగా ఉండే ఎర్త్ వైరు పట్టా అంచుకు చిక్కి నలిగింది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తీగలు తెగి రెండు మూడు మాత్రం వేలాడుతున్నాయి. సీటు వెనక్కి జరిపి ఉంటే అవి అంటుకుని ఉంటాయి. పొట్టి మనిషి సీటు ముందుకు లాక్కుని కూర్చుని, బ్రేకు నొక్కినప్పుడు ఒళ్లు ముందుకు వాలితే విడిపోతాయి. పెట్రోలు బొమ్మ వెలుగుతుంది, పంపు ఆగుతుంది, వెనకే ఇంజిను ఆగుతుంది. ఆమె చెప్పిన వరుస అదే.

వైరు వదులుగా ఎందుకుందో కూడా అతనికి వెంటనే గుర్తొచ్చింది. కారులోకి వాన నీరు దిగినప్పుడు కార్పెట్ ఎత్తి ఆరబెట్టింది తనే. మళ్లీ పరిచేటప్పుడు వైర్ల కట్టను క్లిప్పులో బిగించాలి. తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. కస్టమరు కారైతే క్లిప్పు పెట్టకుండా కార్పెట్ కప్పే మనిషి కాడు.

సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. ఆ నిమిషంలో ఆస్పత్రికి ఫోను చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మనవాడు ఆలోచించాడు. ఆలోచన అనేది తప్పు చేసినవాడికి మంచిది కాదు. తెగిన చోట సోల్డరు పెట్టి, టేపు చుట్టి, క్లిప్పు బిగించి, కార్పెట్ కప్పేశాడు. సాయంత్రం ఆమెను ఒకసారి నడపమంటే సరి. కారు ఆగదు. కాలు కుదురుకుందని ఆమె సంతోషిస్తుంది, ఉద్యోగానికి ఒప్పుకుంటుంది, తన పేరూ నిలుస్తుంది. పామూ చావదు, కర్రా విరగదు.

సాయంత్రం ఆమె వద్దంటే వద్దంది. బతిమాలి కూర్చోబెట్టాడు. మలుపు వచ్చినప్పుడు ఆమె భుజాలు బిగుసుకుపోవడం పక్కనుంచి చూశాడు. దెబ్బ పడుతుందని తెలిసిన పిల్ల బిగుసుకున్నట్టు ఉంది. ఇన్నాళ్లూ ఆమె ఆ మలుపుకు ఇలాగే వచ్చేదని అతను అప్పుడే గమనించాడు. కారు ఆగలేదు. పెద్ద రోడ్డు దాకా వెళ్లి, తిరిగి ఇంటి ముందుకు వచ్చేదాకా ఎక్కడా ఆగలేదు. ఆమె స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, తడిసిన కళ్లతో అతని వైపు తిరిగింది.

"మీకు చాలా ఓపికండీ. నేనే ఊరికే కారు మీద పడి ఏడ్చాను. నిజంగా నా కాలే."

అతను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని దిగాడు. అన్నం దగ్గర కూర్చున్నారు. ఏదో ఒకటి అనాలి గనక, అయితే రేపు ఒప్పుకుంటున్నట్టేగా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఒక్క రోజు బాగా నడిపితే అయిపోయిందా? ఈ కాలు మళ్లీ ఎప్పుడు మొరాయిస్తుందో. అక్కడ మంచం మీద మనిషి ఇంజెక్షను కోసం ఎదురుచూస్తుంటే నేను ఏ మలుపులోనో ఆగిపోతే? తప్పు కారుదైతే మీరు బాగుచేసేసేవారు. కాలికి వైరింగు ఉండదు కదా."

తన మాటకు తనే నవ్వి కంచం తీసింది. వైరు అతికించినంత సులువుగా మాట అతకదని అతనికి అర్థమైంది. ఆమె ఇప్పుడు వద్దంటున్నది తన మాట నమ్మే. కార్ల సంగతి తెలిసినవాడు, పైగా మొగుడు, నీ కాలే తప్పన్నాడు. ఎందుకు నమ్మదు?

పొద్దున ఆమె యూనిఫాంలో వచ్చి, రోజూ అతను ఆస్పత్రి దగ్గర దింపేటప్పటిలాగే పక్క సీట్లో కూర్చుంది. అతను డ్రైవరు తలుపు తెరిచాడు గానీ ఎక్కలేదు. మోకాళ్ల మీద కూర్చుని కార్పెట్ ఎత్తాడు.

"నీ కాలు కాదు. ఇది."

చెప్పడం మొదలుపెడితే మాటలు వాటంతటవే వచ్చాయి. సీటు, పట్టా, వైరు, పెట్రోలు బొమ్మ. ఆమె వంగి, కట్టు చూసే నర్సులాగే, టేపు చుట్టిన అతుకును వేలితో తడిమి చూసింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్న మధ్యాహ్నం."

"అయితే నిన్న సాయంత్రం, తప్పు నాదేనని నేను చెబుతుంటే, కూర్చుని విన్నారు."

"విన్నాను."

"పెట్రోలు బొమ్మ సంగతి మొదటి రోజే చెప్పానా?"

"చెప్పావు."

ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బావుండేది. ఆమె దిగి, చుట్టూ తిరిగి వచ్చి, అతన్ని జరగమని చేత్తో సైగ చేసి, డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటును తన కాళ్లు అందేంతవరకు ముందుకు లాక్కుంది. అతను పక్కన ఎక్కాడు.

పంచరు బాబాయి కొట్టు ముందుకు రాగానే ఆమె కారు పక్కకు తీసి, తాళం తిప్పి ఇంజిను ఆపింది. కొట్టు ముందు గాలి కోసం నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. బాబాయి తొట్టిలో ట్యూబు ముంచుతూనే తలెత్తాడు.

"ఏమ్మాయ్, మళ్లీ ఆగిందా?"

"లేదు బాబాయిగారూ, నేనే ఆపాను. ఈయన మీకేదో చెప్పాలట."

అతను దిగాడు. చిన్న వైరు తెగిందని చెప్పి ఊరుకుందామనుకున్నాడు. వెనక్కి చూస్తే ఆమె స్టీరింగు మీద చేతులుంచి వింటోంది. వైరు తెగిందని చెప్పాడు. అది తెగేలా వదిలేసింది తనేనని చెప్పాడు. జబ్బేమిటో ఆమె మొదటి రోజే చెప్పిందని, తను సీటు వెనక్కి నెట్టుకుని నడిపాడే తప్ప ఒక్కసారీ ఆమె కూర్చునే చోట కూర్చుని చూడలేదని కూడా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. బాబాయి నీళ్లలోంచి చేతులు తీసి గుడ్డకు తుడుచుకున్నాడు.

"అయితే ఇన్నాళ్లూ మనం నవ్వింది ఎవర్ని చూసిరా?"

జవాబు చెప్పేలోగా వెనక ఇంజిను పలికింది. ఆమె డ్యూటీ ఎక్కేలోపు పెద్ద సిస్టరును కలవాలి. అతను తిరిగేసరికే కారు కదిలింది. మలుపు దగ్గర బ్రేకు లైట్లు వెలిగాయి. అతుకు తను పెట్టిందే, గట్టిగానే పెట్టాడు, అయినా అతని ఎడమ కాలు తనంతట తనే నేలను క్లచ్‌లా నొక్కింది. కారు నెమ్మదించి, తిరిగి, కనుమరుగైంది. ఆమె వెనక్కి చూడలేదు.

షెడ్డు తాళాలు కారులోనే ఉండిపోయాయని అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం ఆమె వచ్చేదాకా తలుపు తెరిచే దారి లేదు. బాబాయి స్టూలు జరిపాడు గానీ, అతను వెళ్లి మూసిన షెడ్డు ముందే నిలబడ్డాడు. కాసేపటికి బ్యాటరీ బొమ్మ పెద్దాయన కారేసుకుని వచ్చి, ఇంకా తెరవలేదేమిటని అడిగాడు. తాళాలు పోయాయని చెప్పి పంపించవచ్చు. అతను పెద్దాయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, జరిగిందంతా మొదటి నుంచి చెప్పాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకీ చెప్పాడు.