పని చెప్పని వేలు

తొడుగు ఎక్కలేదు. ఆమె ఎడమచేతి ఉంగరం వేలిని తడిచేసి మళ్ళీ దూర్చింది. సగం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఉతికితే ముడుచుకుపోయినట్టుందే," అంది కూతురితో.

"రోజూ ఉతుకుతున్నదేగా అమ్మా, ఇవాళే ముడుచుకుందా?" కూతురు జడ అల్లుకుంటూ దగ్గరికొచ్చింది. "ఇటివ్వు, కుట్టు విప్పి వదులు చేస్తా."

"నీ బస్సు పోతుంది. సాయంత్రం చూద్దువులే."

కూతురు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. మిగిలిన నీలం గుడ్డ ముక్కలో పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి, తల్లి వేలికి కొలిచి ఆ తొడుగు కుట్టింది.

ఆమె పదిహేడేళ్ళుగా ఒక ఆఫీసు క్యాంటీన్లో గిన్నెలు తోముతోంది. స్టీలు పీచూ సబ్బుపొడీ వేడినీళ్ళూ కలిసి తొమ్మిది వేళ్ళ గీతల్నీ తినేశాయి. కిడ్నీలు పాడయ్యాక వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాల్సి వచ్చింది. బీమా కార్డు ఉంది కాబట్టి ఖర్చు లేదు. కాకపోతే వెళ్ళిన ప్రతిసారీ వేలిముద్ర పడాలి. మొదటిరోజు పది వేళ్ళూ పెట్టి చూస్తే పలికింది ఈ ఒక్కటే. చిన్నప్పుడెప్పుడో తలుపు సందులో నలిగి, మళ్ళీ వంగకుండా ఉండిపోయిన వేలు. వంగదు కాబట్టి ఇన్నేళ్ళూ పీచుకు అందలేదు. ఆ రోజు నుంచి ఆమె దానికి పూర్తిగా పని చెప్పడం మానేసింది.

క్యాంటీన్ వంటామె ఆ వేలికి అల్లుడుగారని పేరు పెట్టింది. "పిల్లకింకా సంబంధమైనా చూడలేదు, అప్పుడే ఇంట్లో అల్లుడు దిగిపోయాడు. పని చెయ్యడు సరికదా, రోజూ నూనె రాయించుకుంటాడు!" అని ఎగతాళి చేసేది. నిజానికి అరిగిపోయిన ఆమె చేతుల్లో స్పర్శ మిగిలింది ఆ ఒక్క వేలికే. కూతురికి ఒళ్ళు వెచ్చబడితే దాన్నే నుదుటికి ఆనించి చూసేది.

ఆ రోజు తొడుగు లేకుండానే, వేలిని నీళ్ళకు దూరంగా పైకెత్తి పట్టుకుని గుండిగ తోమడం మొదలుపెట్టింది.

"ఏంటక్కా, అల్లుడుగారు చొక్కా లేకుండా వచ్చేశారు?" అంది వంటామె.

"ఒళ్ళు చేశాడమ్మా. చొక్కా పట్టడంలేదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే ఆమెకు ఊపిరందలేదు. గుండిగ అంచు పట్టుకుని నిలబడిపోయింది. వంటామె నవ్వు ఆగిపోయింది. ఆమె పాదాల వైపు చూసింది. చెప్పుల పట్టీలు కండలోకి దిగబడి ఉన్నాయి.

"ఆస్పత్రికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"ఆరు రోజులు. మొన్న అక్కడేదో పాడైందని అందర్నీ వెనక్కి పంపేశారు. ఇవాళ మధ్యాహ్నం నా వంతు."

"లే, మిగతావి నేను తోముతా."

"నువ్వు తోమితే జిడ్డు పోదు," అని ఆమె మళ్ళీ వంగింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నీళ్ళలో నానే మనిషికి డాక్టరు తాగనిచ్చిన నీళ్ళు రోజుకు మూడు గ్లాసులే. ఆ పూట గ్లాసు కూడా తాగకుండా అలాగే ఉంచేసింది.

మూడు గంటలకు ఆస్పత్రిలో బీమా కౌంటరు ముందు నిలబడింది. అక్కడి గుమాస్తా ఆమెను చూడగానే కార్డు అడక్కుండానే నంబరు కొట్టాడు. ఆమె వేలు పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. కొంగుతో తుడిచి పెట్టింది. ఎర్ర దీపం. గుమాస్తా గాజుపలక తుడిచాడు, వేలిమీద ఊదమన్నాడు, తనే పట్టుకుని నొక్కాడు.

"నాలుగేళ్ళుగా చూస్తున్న మనిషిని. నాకు తెలుసు గానీ దీనికి తెలియట్లేదమ్మా." ఆ వేలిని వెలుగులోకి తిప్పి చూశాడు. "వాచింది. చర్మం సాగి గీతలు కనపడటంలేదు. ఒంట్లో నీరు తీస్తే తగ్గిపోతుంది."

"నీరు తియ్యాలంటేనేగా బాబూ, ఇది పడాల్సింది?"

అతను సొరుగులోంచి ఒక కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

"పెద్ద డాక్టరుగారు సంతకం పెడితే వేలిముద్ర అక్కర్లేదు. ఆయన రేపు తొమ్మిదింటికి గానీ రారు. పైన మీ కాగితమే పెడతాను. ఆయాసంగా ఉందా? ఉంటే చెప్పండి, ఇప్పుడే ఎమర్జెన్సీలో చేర్పిస్తా."

వసారా చివర ఎమర్జెన్సీ గది ఆకుపచ్చ తలుపు ఆమెకు కనిపిస్తూనే ఉంది. పదకొండేళ్ళ క్రితం భర్త ఆ తలుపులోంచే లోపలికి వెళ్ళాడు. చెప్పులు విప్పి ఆమె చేతికిచ్చి, "పట్టుకో, వస్తా," అన్నాడు. ఆమె పట్టుకునే నిలబడింది.

"లేదు బాబూ. మెట్లెక్కి వచ్చాగా, అంతే," అంది.

సాయంత్రం కూతురు వచ్చీ రాగానే కోప్పడింది. "ఆయాసం ఉందని చెప్పడానికి నోరు రాలేదా? పద, ఇప్పుడే వెళ్దాం."

"రేపు మొదటి కాగితం నాదేనే. ఈ కాసేపటికి నన్నక్కడ పడుకోబెట్టకు."

కూతురు తల్లి వేలి చుట్టూ దారం చుట్టి కొలత తీసుకుంది. బ్లేడుతో పాత కుట్టు విప్పి, అంచు వదిలి, మళ్ళీ కుట్టింది. పడుకుంటే ఊపిరాడటంలేదని తల్లి గోడకు ఆనుకుని కూర్చుంది. కూతురు సూదిలోకి దారం ఎక్కిస్తుంటే చెయ్యి చాపి ఆ వేలు ఆమె చెంపకు ఆనించింది.

"నాకు జ్వరమేం లేదమ్మా."

"తెలుసు. ఊరికే చూస్తున్నా."

తెల్లవారి కుళాయి చప్పుడుకు కూతురికి మెలకువ వచ్చింది. తల్లి అలాగే గోడకు ఆనుకుని ఉంది. ఇప్పటికైనా నిద్రపట్టిందనుకుని చప్పుడు చెయ్యకుండా బిందె నింపింది, టీ పెట్టింది. గ్లాసు తెచ్చి రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. తల్లి చెయ్యి ఒళ్ళో ఉంది. వేళ్ళన్నీ ముడుచుకుని ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప.

తొమ్మిదీ పదికి ఫోను మోగింది. అప్పటికే వచ్చిన వంటామె తీసింది.

"సంతకం అయిందమ్మా," అన్నాడు గుమాస్తా. "మొదటి పేరు ఆవిడదే. తీసుకొచ్చెయ్యండి."

వంటామె కూతురి వైపు చూసింది. "అలాగే బాబూ," అని పెట్టేసింది.

గోడ మేకుకు నీలం తొడుగు వేలాడుతోంది. విప్పిన కుట్టు తాలూకు సూది రంధ్రాల వరస ఇంకా తెలుస్తోంది. దానికి కాస్త అవతలగా, కొత్త దారంతో, వదులుగా వేసిన కుట్టు.