ఊపిరి అందినంత వరకు

మా ఆయన సారంగపాణి గొంతు సంగతి మా వీధివాళ్ళని అడగాలి. పొద్దున ఐదున్నరకి మేడమెట్లు దిగుతూ ఆయన ఆళ్వార్ల పాశురం ఎత్తుకుంటే, ఎదురింటి తిరుమలమ్మ పాలగిన్నె పట్టుకుని బయటికొచ్చేది. ఆ వీధిలో ఎవరికీ అలారం అవసరం పడలేదు. వంటింట్లో ఉండే నాకు మాత్రం విసుగు. "కొంచెం మెల్లిగా పాడండి, పెరుమాళ్ళకి చెవుడు లేదు" అని యాభై ఏళ్ళుగా అంటూనే ఉన్నాను.

కరోనా రెండో విడతలో ఆయన్ని పదకొండు రోజులు ఆసుపత్రిలో పెట్టారు. నన్ను లోపలికి రానివ్వలేదు. ఎనిమిదో రోజు నర్సమ్మ ఫోన్ కలిపి ఆయన నోటి దగ్గర పెట్టింది. బాగానే ఉన్నానని నాకు చెప్పడానికి కాబోలు, రోజూ మెట్లమీద పాడే పాశురమే అందుకున్నారు. సగం పంక్తికి ఊపిరి చాలక ఆగిపోయారు. ఆ తర్వాత ఆక్సిజన్ బుసబుస తప్ప ఏమీ వినపడలేదు. మిగతా సగం నాకు రాక కాదు, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ రోజు నోరు పెగల్లేదు. ఫోన్ పట్టుకుని ఏడుస్తూ నిలబడిపోయాను.

మనిషి ఇంటికొచ్చారు. గొంతు రాలేదు. ఏడాది గడిచినా ఒక్క పాశురం లేదు.

డాక్టరమ్మ ఊపిరి కసరత్తుకని మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. "గట్టిగా పాడండి తాతా, మీకు అదే మందు" అని కూడా చెప్పింది. ఈయనకి ఒక్క బంతి లేచేది. రెండోది కదిలినట్టే కదిలి కూర్చునేది. నాలుగో రోజునుంచి ఆ డబ్బా పేపరు గాలికి ఎగరకుండా బరువుగా పనికొచ్చింది.

ఇంతలో వీధి చివరి గుడిలో సాయంత్రం గోష్ఠి మళ్ళీ మొదలవుతుందని కబురొచ్చింది. పెద్దవాళ్ళు రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక వరస ఒక పంక్తి చెబితే, తర్వాతి పంక్తి ఎదురు వరస అందుకుంటుంది. కుడివరసలో మొదటి చోటు ముప్పై ఏళ్ళుగా మా ఆయనది.

"నేను పోను. నాకు చాతకాదు" అన్నారు.

"పోకపోతే ఆ చోట్లో ఇంకొకరు కూర్చుంటారు. ఆమీద మీ ఇష్టం" అన్నాను.

పోయినారు. తిరిగొచ్చేటప్పుడు మొహం వెలిగిపోతోంది. "పాడినానే పెరుందేవీ! ఇరవై పాశురాలు!" అన్నారు. ఆ రాత్రికి పాయసం చేశాను, నా తెలివికి.

తెలివి అని ఎందుకన్నానంటే, నేను ముప్పై రెండేళ్ళు లెక్కల టీచరుని. మా మేడకి పదమూడు మెట్లు. ఇరవై పాశురాలు గట్టిగా పాడొచ్చిన మనిషి ఏడో మెట్టుమీద కూలబడి రొప్పుతున్నాడంటే ఆ లెక్క ఎక్కడో తప్పింది. వారం చూసి, శుక్రవారం చెప్పకుండా గుడికి వెళ్ళి ఆడవాళ్ళ వైపు స్తంభం పక్కన నిలబడ్డాను.

గుడి మారుమోగిపోతోంది. మోగిస్తున్నది రామానుజ. బ్యాంకులో పని, వయసు యాభై లోపే, నడిమధ్యన కూర్చుని ఉత్సాహం ఆపుకోలేక రెండు వరసల వంతూ తానే పాడేస్తున్నాడు. మా ఆయన పెదవులు మాత్రం చక్కగా కదులుతున్నాయి. పెదవులు కదిపే పిల్లల్ని బడి ప్రార్థనలో ముప్పై రెండేళ్ళు పట్టుకున్నదాన్ని, నా దగ్గరా ఈ ఆటలు!

పక్కన పద్మనాభ్ గారిని చూశాను. రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయనవీ పెదవులే. మిగతా ముగ్గురివీ అంతే. ఐదుగురు పెద్దమనుషులు, ఎవరికి వారు మిగతా నలుగురూ పాడుతున్నారు కదా అనే ధీమాతో ఉన్నారు. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇంటికొచ్చి కిమ్మనలేదు. మర్నాడు పొద్దున కూరగాయల దగ్గర రామానుజని పట్టుకున్నాను.

"అప్పా, ఈ పొద్దు సాయంత్రం నువ్వు గుడికి రావద్దు."

అతని మొహం చిన్నబోయింది. "ఏం మామీ, నా గొంతు బాగలేదా?"

"బానే ఉండాది. అదే వచ్చిన చిక్కు" అని సంగతి చెప్పాను. చేతిలో సొరకాయ పట్టుకునే పడీపడీ నవ్వినాడు.

సాయంత్రం మళ్ళీ స్తంభం పక్కన నేను. అర్చకస్వామి గంట కొట్టారు. ఐదు నోళ్ళూ తెరుచుకున్నాయి. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

నోళ్ళు మూసుకున్నాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ తెరిచారు. మళ్ళీ ఫ్యానే. అర్చకస్వామి లోపల్నుంచి తొంగిచూశారు. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. పద్మనాభ్ గారు తల వంచుకున్నారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి, పంచె కుచ్చిళ్ళు సర్దుకుంటూ లేవబోయారు.

ఎంత పని చేశాను! ఆయన ఇప్పుడు లేచిపోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కరు. ఆ గొంతు ఇక ఎప్పటికీ రాదు. డెబ్బై రెండేళ్ళ మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేయడానికి నేనెవర్ని?

సగం లేచిన ఆయన ఎందుకో ఆగారు. ఎదురు వరస వంక చూశారు. కూర్చున్నారు. కళ్ళు మూసుకుని ఎత్తుకున్నారు.

అది ఆయన గొంతే. బీటలు వారి, సన్నగా, వణుకుతూ ఉంది. ఏడాది తర్వాత విన్నాను. సగం పంక్తికి ఊపిరి అయిపోయింది. ఆగారు. ఆ ఆగిన చోట పద్మనాభ్ గారు అందుకున్నారు, నాలుగు మాటలు చెప్పి దగ్గారు. ఎదురు వరసలో మూడో ఆయన మిగతాది పూర్తిచేశారు. అలా ఒక పంక్తి ముగ్గురి నోళ్ళమీద నడిచింది. ఎవరికి ఎంత ఊపిరి ఉంటే అంత. రామానుజ అరగంటలో ముగించేది వీళ్ళకి గంటంబావు పట్టింది. ప్రసాదం దద్దోజనం చల్లారిందని ఎవరూ గొణగలేదు, అది ఎటూ చల్లనిదే కదా. నేను మాత్రం సిగ్గు లేకుండా ఏడ్చాను.

దారిలో ఆయన అన్నారు. "రామానుజని రావద్దన్నది నువ్వే గదా?"

"అవును. కోపమొచ్చిందా?"

"వచ్చినాది" అన్నారు. నాలుగడుగులు వేశాక, "పద్మనాభ్ గూడా దొంగేనని నాకేం తెలుసు!" అని నవ్వు మొదలుపెట్టి, ఆయాసం వచ్చి, కరెంటు స్తంభం పట్టుకుని మళ్ళీ నవ్వారు.

మర్నాడు పొద్దున ఐదున్నర. నేను వంటింట్లో కాఫీ డికాక్షను దించుతున్నాను. మేడమీద తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత పాశురం. అదే, ఆసుపత్రినుంచి ఫోన్లో పాడినది. మెట్టు మెట్టుకీ ఒక్కో మాట దిగుతోంది. సరిగ్గా అదే సగం పంక్తి దగ్గర ఆగింది.

ఆయన మెట్లమీద నిలబడి ఊపిరి కూడదీసుకుంటున్నారు. నాకు వినపడుతోంది. గిన్నె కింద పెట్టేశాను.

మిగతా సగం నేను పాడాను. నా గొంతు అంత బాగుండదు, పైగా గట్టిది. ఎదురింట్లో తిరుమలమ్మ తలుపు తెరుచుకుంది.

"కొంచెం మెల్లిగా పాడవే" అన్నారు ఆయన, తర్వాతి పంక్తి ఎత్తుకునే ముందు. "పెరుమాళ్ళకి చెవుడు లేదు."