సున్నాల పేజీ

ఫిల్మ్‌నగర్ సందుల్లోకి బుధవారం పొద్దున పదింటికి కొమురమ్మ బండి వస్తుంది. బోరబండ నుంచి తోసుకుంటూ వస్తుందామె. పాత పేపర్లూ పుస్తకాలూ అట్టపెట్టెలూ కొంటుంది. ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి గేటు కమ్మీకి తన కాంటా తగిలించి తూస్తుంది. ఆ కాంటా కాగితాన్ని తూయదు, దాని వెనకున్న కష్టాన్ని తూస్తుంది. ఆ వీధుల్లో పసిపిల్లకి కూడా ఈ సంగతి తెలుసు. పాలవాడు పాలు తెస్తాడు, కొమురమ్మ కాంటా కష్టం తూస్తుంది, అంతే.

సినిమావాళ్ళ ఇళ్ళల్లో బేరం తెగేది కాదు. మూడొందల పేజీల స్క్రిప్టు, బంగారు అక్షరాల బైండు, లోపల నలుగురు హీరోయిన్లు వర్షంలో తడవడం తప్ప ఇంకేమీ ఉండదు. పళ్ళెంలో వేస్తే ముల్లు కదలదు. "ఈగ వాలినంత గూడ లేదు సారూ," అనేది కొమురమ్మ. అదే ఇంట్లో పనమ్మాయి పాల లెక్క గీతలు గీసిన కేలండరు కాగితం కిలోన్నర తూగేది. కాంటాకి ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒకసారి అందులో తూగిన కాగితాన్ని ఆ కష్టం చేసిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి లేపలేదు. ఒక పెద్ద దర్శకుడి స్క్రిప్టు తొమ్మిది కిలోలు తూగింది. ఆయన పొంగిపోయాడు గానీ ఎంత లాగినా అది పళ్ళెంలోంచి రాలేదు. చివరికి యూసుఫ్‌గూడ నుంచి ఒక సన్నపాటి మనిషిని పిలిపిస్తే, అతను వచ్చి రెండు వేళ్ళతో తీసి, డబ్బులు జేబులో వేసుకుని పోయాడు. ఆ దర్శకుడి వీధిలోకి ఇప్పుడు కొమురమ్మని రానివ్వరు.

ఆ బుధవారం ఆమెని కేకేసి ఆపినవాడు క్రాంతికుమార్. తండ్రి అభ్యుదయ భావాలున్న రోజుల్లో పెట్టిన పేరది. ఆ భావాలు పేరు పెట్టడంతోనే అయిపోయాయి. తండ్రి వెంకటేశ్వరరావు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశాడు. లైట్‌బాయ్‌ల బత్తాలో ఐదేసి రూపాయలు కోసి, ఆ కోతనీ ఇంటి ఖర్చునీ డైరీలో అందమైన దస్తూరీతో రాసుకునేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయినా డైరీలు మాత్రం అటక మీద భద్రంగా ఉన్నాయి. కొడుక్కి ఆస్తిగా వచ్చింది ఈ మూడో అంతస్తు ఫ్లాటూ, ఆ దస్తూరీనూ.

క్రాంతికుమార్ సోషల్ టీచరు, భార్య నవత మ్యాథ్స్ టీచరు. రెండేళ్ళు మాల్దీవుల్లో దక్షిణం కొసన ఒక చిన్న దీవిలో ఇద్దరూ పాఠాలు చెప్పి, నెల సెలవు మీద వచ్చారు. దీవికి వారానికి ఒక్క సరుకుల పడవ. పడవ వచ్చే రోజు తెల్లారకుండానే రేవులో నిలబడకపోతే ఉల్లిపాయలు ఆ వారానికి లేనట్టే. నిలబడింది నవత. వానతొట్టి నీళ్ళు వడగట్టి కాచింది నవత. నూనె డబ్బాలు కోసి తోటకూరా బచ్చలీ పెంచింది నవత. భర్త జుట్టు కత్తిరించింది, చొక్కాలు కుట్టింది, అతనికి డెంగీ వస్తే పదకొండు రోజులు గంటగంటకీ జ్వరం చూసింది. ఇవన్నీ రోజుకి ఆరు పీరియడ్లు లెక్కలు చెప్పాక. క్రాంతికుమార్‌కి వారానికి పన్నెండే పీరియడ్లు కాబట్టి, మిగిలిన టైములో బడ్జెట్ రాశాడు.

లాంగ్ నోటుబుక్కులో ఎర్ర స్కేలుతో గీసిన గళ్ళు. బియ్యం ఇంత, చేపలు ఇంత, ఇంటికి ఫోను ఇంత. ఆ తర్వాత అతను ఎంతో గర్వపడే పేజీ ఒకటి. వంటమనిషి: సున్నా. తాగునీళ్ళు: సున్నా. కూరగాయలు: సున్నా. క్షవరం: సున్నా. దర్జీ: సున్నా. వైద్యం: సున్నా. నవత జీతం అతని ఖాతాలోనే పడేది కాబట్టి, 'భార్య సొంత ఖర్చు' అన్న గడిలో కూడా సున్నాయే.

ఈ బడ్జెట్ వల్ల అతను జూబ్లీహిల్స్‌లో గొప్పవాడైపోయాడు. టీచర్లని విదేశాలకి పంపే కన్సల్టెన్సీ ఒకటి అక్కడుంది. దాన్ని నడిపే సాయిశ్రీనివాస్, కొత్తగా వెళ్ళే జంటల కోసం ఆదివారం సెమినార్ పెట్టి 'మారుమూల దీవిలో దంపతుల పొదుపు' అని క్రాంతికుమార్ చేత మాట్లాడిస్తున్నాడు. మనిషికి ఐదొందలు టికెట్టు. రెండేళ్ళలో ముప్ఫై లక్షలు మిగిల్చిన మొనగాడిని చూడ్డానికి అరవై జంటలు పేర్లిచ్చాయి. సున్నాలు ఎక్కణ్ణుంచి వచ్చాయని వాళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళు ఆ టైముకి ఇంట్లో వంట చేస్తూ ఉన్నారు.

ఈ బుధవారం సాయంత్రం నాలుగింటికి అదే ఆఫీసులో కొత్త కాంట్రాక్టు మీద సంతకాలు. ఇంకో మూడేళ్ళు. 'కపుల్ ప్యాకేజీ' అంటారు దాన్ని. భర్తకి పూర్తి జీతం, భార్యకి సగం, రెండూ భర్త ఖాతాలో. ఈసారి తన జీతం తన ఖాతాలో పడాలని నవత వారం రోజులుగా అడుగుతోంది.

"నీదీ నాదీ ఏంటి నవతా? మనిద్దరం ఒకటి కాదూ?" అన్నాడతను ఆ పొద్దున కూడా, ఆమె కాచిన టీ తాగుతూ.

"ఒకటే అయితే నా ఖాతాల పడనియ్యి. ఒకటే గద."

"అదిగో, మళ్ళీ మొదలుపెట్టింది," అంది అత్తగారు శారదాదేవి, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ. "ఒంటరిగా వెళ్తే ఆడవాళ్ళకి అక్కడ గది కూడా ఇవ్వరటమ్మా. సాయిశ్రీనివాస్ చెప్పాడు. మా వాడి పుణ్యాన దేశాలు చూస్తున్నావు. సంతకం పెట్టు, సంతోషించు."

నవత ఖాళీ టీ కప్పులు తీసింది. నాలుగింటికి సంతకం పెడితే ఇంకో మూడేళ్ళు సున్నాల్లో బతకాలి. పెట్టకపోతే చేతిలో రూపాయి లేదు. సరిగ్గా అప్పుడే కింద కొమురమ్మ కేక వినపడింది.

నోటుబుక్కులోదంతా లాప్‌టాప్‌లోకి ఎక్కించేశాడు కాబట్టి, క్రాంతికుమార్ దాన్ని అమ్మేద్దామనుకున్నాడు. దాంతోపాటు పాత పేపర్లు మోయడానికి నవతని కిందికి తీసుకెళ్ళాడు.

"కిలో ఎంత?"

"పన్నెండు."

"యూసుఫ్‌గూడలో పదిహేను ఇస్తున్నారు."

"అయితే గాడికే తీస్కపో సారూ. నేనేమన్న వద్దన్ననా?"

పేపర్లు అయ్యాక నోటుబుక్కు పళ్ళెంలో పెట్టాడు. పళ్ళెం ధన్‌మని నేలకి కొట్టుకుంది. కొమురమ్మ రెండో పళ్ళెంలో ఐదు కిలోల రాయి వేసింది. పది వేసింది. ఇంకో ఐదు వేసింది. నోటుబుక్కు లేవలేదు. ఆమె దగ్గరున్న రాళ్ళు అక్కడికి అయిపోయాయి.

క్రాంతికుమార్ మొహం వెలిగిపోయింది. "చూశావా! ఎంత కష్టపడి రాశానో!" తలెత్తి కేకేశాడు, "అమ్మా! గ్రైండరు రాయి ఇప్పించు! గ్యాస్ బండ కూడా!"

వాచ్‌మన్ తిరుమలేశ్ రెండూ మోసుకొచ్చాడు. పైన బాల్కనీలో శారదాదేవి, ఎదురింటి బాల్కనీలో ఇంకో ఇద్దరు. నిండు గ్యాస్ బండ, దాని మీద గ్రైండరు రాయి పెట్టాక కాంటా ముల్లు మెల్లగా నిటారుగా నిలబడింది.

"అరవై నాలుగు కిలోలు," అంది కొమురమ్మ. "మంచిది. తీసి బండిల ఎయ్యి సారూ."

క్రాంతికుమార్ వంగి లాగాడు. రెండు చేతులతో లాగాడు. చొక్కా చంకల దగ్గర చిరిగింది, ఆ కుట్టు నవతదే. తిరుమలేశ్ ఒక చెయ్యి వేశాడు. నోటుబుక్కు అట్ట కూడా లేవలేదు.

"నీది కాదు సారూ ఇది," అంది కొమురమ్మ, బీడీ వెలిగించుకుంటూ. ఇలాంటివి ఆమె ఈ వీధుల్లో చాలా చూసింది. "బిడ్డా, నువ్వు తియ్యి."

"దానికేం సంబంధం?" పైనుంచి శారదాదేవి అరిచింది. "ప్రతి అక్షరం రాసింది మావాడు!"

నవత వంగి, విస్తరాకు తీసినట్టు నోటుబుక్కు తీసింది.

ఎదురింటి బాల్కనీలో ఒకామె లోపలికి పోయి, తన భర్త పేరున్న ఏదో ఫైలు వెతకడం మొదలుపెట్టింది. క్రాంతికుమార్ మాత్రం ఓడిపోవడానికి ఒప్పుకునే రకం కాదు. ఆదివారం సెమినార్లో చదవబోయే ఉపన్యాసం, పద్దెనిమిది పేజీలు, పరిగెత్తుకెళ్ళి తెచ్చి పళ్ళెంలో వేశాడు. పళ్ళెం గాలికి కాస్త ఊగింది, అంతే.

"ఇది నీదే సారూ," అంది కొమురమ్మ. "జర జాగ్రత్త, ఎగిరిపోతది."

నవత నోటుబుక్కు తెరిచి సున్నాల పేజీ చింపి, కాంటాలో పెట్టింది. గ్రైండరు రాయి తీసేశారు, రాళ్ళు తీసేశారు. ఒక్క గ్యాస్ బండకి ఆ ఒక్క పేజీ సరిగ్గా సరిపోయింది.

"అమ్ముతవా బిడ్డా?"

"లేదమ్మా. దీంతోటి నాకు పని ఉంది."

"మంచిగ జెప్పినవ్. తూకానికి నేను పైసల్ తీస్కోను," అని కొమురమ్మ కాంటా విప్పుకుని పోయింది. నవత నోటుబుక్కుని పైకి తీసుకెళ్ళి వంటింట్లో పొయ్యి గట్టు మీద పెట్టింది. సున్నాల పేజీ మడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

జూబ్లీహిల్స్‌లో సాయిశ్రీనివాస్ ఆఫీసుకి గోడలు అద్దాలు, తలుపులు అద్దాలు, బల్ల అద్దం. దాపరికం లేదని చెప్పుకోవడానికి అంత అద్దం కావాల్సి వచ్చిందతనికి.

"రండి మేడం, రండి సార్. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. మూడే సంతకాలు."

నవత కూర్చుని, బ్యాగులోంచి పేజీ తీసి బల్ల మీద పెట్టింది. అద్దం కిర్రుమంది.

"ఏంటి మేడం ఇది?" అంటూ అతను పేజీ అందుకోబోయాడు. అది రాలేదు. గోరు పెట్టి లేపబోయాడు, గోరు విరిగింది. బల్ల ఆ చివర నుంచి ఈ చివరకి సన్నగా ఒక గీత పాకింది. సాయిశ్రీనివాస్ కూడా ఫిల్మ్‌నగర్‌లో పెరిగినవాడే. గీతనీ పేజీనీ చూశాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కొమురమ్మ కాంటానా మేడం?"

"అవును."

అతను తన బల్ల గురించి ఆలోచించాడు. డెబ్భై వేల బల్ల. సొరుగు తెరిచి అడుగునుంచి ఒక కవరు తీశాడు. "మేడం, స్కూలు వాళ్ళు మొదట పంపింది ఇది. హెడ్ ఆఫ్ మ్యాథ్స్. మీ ఒక్కరి పేరు మీదే. ఇల్లు వాళ్ళే ఇస్తారు. ఫుల్ శాలరీ."

"ఎప్పుడొచ్చింది ఇది?"

"మార్చిలో. కానీ సారే..." క్రాంతికుమార్ వైపు చూశాడు. "మిమ్మల్ని తీసుకుంటే సార్‌ని కూడా తీసుకోవాలని అడగమన్నారు. అందుకని ప్యాకేజీ చేశాం. మీ శాలరీ తగ్గించి సార్‌కి సోషల్ పోస్టు ఇచ్చారు."

నవత భర్త వైపు తిరిగింది. "నీ నౌకరి నా జీతం కోసి కొన్నవా?"

"మనిద్దరి మంచికే కదా నవతా," అన్నాడు క్రాంతికుమార్. ఆ మాట అద్దాల గదిలో ఎక్కడా ఆనకుండా తేలిపోయింది.

నవత కవరులోని కాగితం ఆమూలాగ్రం చదివి సంతకం పెట్టింది. బ్యాంకు ఖాతా గడిలో తన నంబరు రాసింది. అది పెళ్ళికి ముందు తెరిచిన ఖాతా, కృష్ణానగర్ బ్రాంచి.

"మేడం, స్పౌజ్ కాలమ్‌లో సార్ పేరు పెట్టమంటారా? కూడా వెళ్ళొచ్చు. ఉద్యోగం మాత్రం ఉండదు."

"పెట్టుండ్రి. జీతం గడిల సున్నా ఎయ్యుండ్రి," అంది నవత, పేజీ మడిచి బ్యాగులో పెట్టుకుంటూ. "ఆయనకి సున్నాలంటే బాగ ఇష్టం."

క్రాంతికుమార్ వెళ్ళలేదు. రేవులో నిలబడి ఉల్లిపాయలు తెచ్చి, నీళ్ళు కాచి, తోటకూర పెంచి, ఆమె జీతం మీద బతకడం మగవాడికి అవమానం అన్నాడు. అవమానం అన్న మాట రెండేళ్ళలో అతనికి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఆదివారం సెమినార్ జరగలేదు. అరవై జంటల్లో ఇరవై మంది భార్యలు సెమినార్ కంటే ముందు కొమురమ్మ ఇంటి అడ్రసు అడిగారని సాయిశ్రీనివాస్ టికెట్టు డబ్బులు వాపసు ఇచ్చేశాడు.

నవత జూన్ మొదట్లో విమానం ఎక్కింది.

ఇంట్లో శారదాదేవికి మోకాళ్ళు పనిచేయవు. వంటమనిషి నెలకి ఎనిమిది వేలు అడిగింది. క్రాంతికుమార్ కొత్త నోటుబుక్కు తెరిచి, వంటమనిషి అన్న గడిలో అలవాటుగా సున్నా వేశాడు. వేశాక చాలాసేపు ఆ సున్నా వంక చూశాడు. ఈ ఇంట్లో ఆ సున్నా కిందికి వచ్చేది తను తప్ప ఇంకెవరూ లేరు.

వండాడు. మొదటి నెల పప్పు మాడింది. రెండో నెల ఉప్పు కుదిరింది. గట్టు మీది నోటుబుక్కు జరగదు కాబట్టి దాని చుట్టూనే తరిగాడు, దాని చుట్టూనే తుడిచాడు. గిన్నెలు తోమాడు, తల్లి చీరలు ఉతికాడు, నీళ్ళ ట్యాంకరు కోసం తెల్లారి ఐదింటికి గేటు దగ్గర నిలబడ్డాడు. తుడిచిన ప్రతిసారీ నోటుబుక్కుని వేలితో ఒకసారి లేపి చూసేవాడు.

మూడో నెల చివర్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం, అట్ట లేచింది.

"అమ్మా! లేచింది!"

శారదాదేవి గోడ పట్టుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "ఏదిరా?"

"అట్ట. చూడు."

"లోపలి పేజీలు?"

అతను ప్రయత్నించాడు. ఒక్కటీ కదల్లేదు.

"మూడు నెలలకి అట్ట లేచింది," అంది శారదాదేవి. గుమ్మానికి ఆనుకుంది. అరిగిపోయిన మోకాళ్ళ వంక చూసుకుంది, పొయ్యి వంక చూసింది, తర్వాత తల పైకెత్తి అటక వంక చూసింది.

"రేపు బుధవారమే కదూ?"

"అవును. ఎందుకు?"

"నేను ఈ పొయ్యి ముందు నలభై రెండేళ్ళు నిలబడ్డానురా," అంది ఆమె. "మీ నాన్న డైరీలు దించు."