అత్తిపత్తికి అలవాటైన నెమలీక

ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తికి నేర్చుకునే తెలివి ఉందని మనవరాలు స్రవ్య చెప్పినప్పుడు పురుషోత్తం నవ్వలేదు. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో తాతలనాటి కిరాణా దుకాణం నడిపే మనిషి; మెదడు ఉండీ ఏమీ నేర్చుకోని గిరాకీలను చాలామందిని చూశాడు.

డిగ్రీ ప్రాజెక్టు కోసం స్రవ్య గుడిమల్కాపూర్ నర్సరీ నుంచి రెండు అత్తిపత్తి కుండీలు తెచ్చింది. ఒకదాన్ని డాబా మీద పెట్టి, రోజూ మెత్తటి కుంచెతో ఆకులు నిమిరేది. దానివల్ల అపాయం లేదని తేలాక ఆ మొక్క ముడుచుకోవడం మానేసింది. రెండోదాన్ని మాత్రం ఎవరూ ముట్టకూడదు. అది కుంచె తగలగానే ముడుచుకుంటేనే, మొదటిది నేర్చుకున్నట్టు రుజువు. ఇంట్లో చిన్నపిల్లల చేతులు ఊరుకోవు కాబట్టి దాన్ని దుకాణంలో, గల్లాపెట్టె పక్కన, తాత కాపలాలో ఉంచింది.

భార్య యశోద పోయాక ఇంత నమ్మకంగా ఎవరూ అతనికి ఒక పని అప్పగించలేదు. మొక్క వైపు చెయ్యి చాచిన గిరాకీలను, పప్పు తూచడం ఆపి మరీ కసిరేవాడు.

ప్రాజెక్టు చూపించే ముందురోజు పొద్దున స్రవ్య కుంచెతో వచ్చి ఆ మొక్కను నిమిరింది. ఒక్క ఆకూ కదల్లేదు. మళ్లీ నిమిరింది. ఆమె ముఖమే ముడుచుకుంది.

"ఎవరు ముట్టిండ్రు తాతా?"

"గల్లా మీద ఒట్టు బిడ్డా, ఈగను గూడ వాలనియ్యలే."

అంతలో దుకాణాలకు సాంబ్రాణి వేస్తూ రోజూ వచ్చే ఫకీరు ఖాదర్ భాయ్ లోబాన్ పొగతో గుమ్మంలోకి వచ్చాడు. గల్లాపెట్టెకు, తరాజుకు పొగ పట్టాడు. నెమలీకల కట్టతో దీవిస్తూ పురుషోత్తం తల నిమిరి, అదే ఊపులో అత్తిపత్తినీ నిమిరాడు. మొక్క నిశ్చింతగా ఉంది.

స్రవ్య తాత వైపు తిరిగింది.

"అది ముట్టుడెట్లయితది?" పురుషోత్తం గొంతు చిన్నబోయింది. "అది దువా గదా."

సంగతి తెలిసి ఖాదర్ భాయ్ నెమలీకలను వెనక దాచుకున్నాడు. మొక్క బక్కగా కనబడితే జాలిపడి దానికి కాస్త ఎక్కువే దువా చేశానని ఒప్పుకున్నాడు.

 స్రవ్య వేలితో ఒక ఆకును చటుక్కున నొక్కింది. దాని చిట్టి ఆకులన్నీ వరసగా ముడుచుకున్నాయి. అవి విచ్చుకునేదాకా ఆగి, ఖాదర్ భాయ్‌ని మళ్లీ నిమరమంది. కదల్లేదు.

"తాతా, దీనికి వేలు వేరే, ఈక వేరే అని ఎర్కయినట్టుంది" అంది మెల్లగా. ఒక్క మొక్కతో ఏదీ తేలదని మళ్లీ తనే అంది.

మర్నాడు కాలేజీలో ఏదీ దాచకుండా చెప్పింది. మేడం నవ్వి, ఈ పొరపాటునే ప్రాజెక్టు చేసుకొమ్మని, గడువు పెంచి పంపిందట. ముట్టకూడని కొత్త కుండీలు దబీర్‌పురాలో మేనత్త ఇంటికి వెళ్లాయి. అక్కడికి లోబాన్ రాదని పురుషోత్తం స్వయంగా కనుక్కుని వచ్చాడు. దువా పొందాల్సినవి దుకాణంలో వరసగా చేరాయి.

ఇప్పుడు ఖాదర్ భాయ్ ముందు కుండీలన్నిటినీ నిమిరి, చివరికి సేఠ్ పురుషోత్తం దగ్గరికి వస్తాడు. ఒకరోజు స్రవ్య తాత కూర్చునే గద్దె పక్కన నిలబడి చూస్తూ, "తాతా, ఈకలు మీద పడ్డా నువ్వు కండ్లు మూస్తలేవు" అంది.

యశోద పోయిన కొత్తలో ఏది తగిలినా ఉలిక్కిపడేవాడు. ఎప్పుడు మానేశాడో అతనికే తెలీదు.

"ఖాదర్ భాయ్ ముందుగాల నాకే నేర్పిండు బిడ్డా" అన్నాడు పురుషోత్తం. "మొక్క నా తర్వాత చేరింది."